ఎర్రచుక్క గుడ్లు

ఇంట్లో నక్కను పెట్టుకున్నవాడి బూట్లు ఎప్పుడూ జతగా దొరకవు. తోంగ్ బావ్‌షాన్‌కి ఈ సంగతి అరవై నాలుగో ఏట తెలిసివచ్చింది. పొద్దున్నే లేచి చూస్తే ఒక బూటు గడప దగ్గర ఉంటుంది, రెండోది పొయ్యి వెనక బొగ్గుల్లో ఉంటుంది. బొగ్గుల్లో ఉన్నదానికి మడమ ఉండదు. ఆ మడమను నమిలినవాడు మాత్రం కింద సెగ పారే వెచ్చటి ఇటుక మంచం మీద, పొయ్యికి దగ్గరి మూలన, తోకలో ముక్కు దోపుకుని, ఏ పాపమూ ఎరగని పెద్దమనిషిలా పడుకుని ఉంటాడు.

వాడి పేరు మాంతోవ్. ఆవిరి మీద ఉడికిన తెల్ల రొట్టెను చాంగ్‌బాయ్ కొండల వైపు అలా అంటారు. ఆ పేరు పెట్టింది బావ్‌షాన్ భార్య ఫెంగ్‌జీ. నీలి నక్క జాతి అంటారుగానీ నీలం ఎక్కడా లేదు, బూడిద కలిసిన తెలుపు. తోలు కోసమే ఫారంలో పెంచిన జాతి కాబట్టి ఒంటికి కావలసినదానికి రెండింతలు తోలు ఉంటుంది, అది మడతలుగా జారి కళ్ళ మీద పడుతుంది. నక్క అంటే జిత్తులమారి అని లోకమంతా అంటుంది. వీడి జిత్తులు బూటు దగ్గర మొదలై బూటు దగ్గరే ఆగిపోయాయి.

బావ్‌షాన్ నలభై ఏళ్ళు తోలు టోపీలు కుట్టి బతికాడు. చెవులు కప్పే టోపీలు, మెడకు చుట్టుకునే పట్టీలు. చాంగ్‌బాయ్ కొండల కింద ఆ ఊళ్ళో ఎవరి తల చూసినా ఆయన కుట్టే కనపడేది. అందుకే పక్కింటి లోవ్ దెహాయ్ నోటికి పని దొరికింది.

“వీడి చుట్టాలందర్నీ టోపీలు చేసి అమ్మావు కదన్నా. ఇప్పుడు వీడొచ్చి నీ కాలి కొలతలు తీసుకుంటున్నాడు. జాగ్రత్త, వచ్చే చలికాలానికి నీ తోలుతో టోపీ కుట్టించుకుంటాడు.”

“నీ తోలైతే టోపీకి కూడా పనికిరాదులే. డప్పుకి వాడుకోవాలి,” అనేవాడు బావ్‌షాన్.

కంపు సంగతి చెప్పకుండా నక్క కథ చెబితే అది కథ కాదు, ప్రకటన. నక్క తనది అనుకున్న ప్రతిదాని మీదా ఉచ్చ పోస్తుంది. ఆ ఇంట్లో తనది కానిదంటూ మాంతోవ్‌కి ఏదీ కనపడలేదు. పరుపు చుట్ట, బియ్యం సంచి, కుట్టుమిషన్ కాలు, బావ్‌షాన్ మందుల డబ్బా. వచ్చిన రెండో వారంలోనే, చలికాలమంతటికీ ఊరవేసిన క్యాబేజీ జాడీ మీది బరువురాయిని పక్కకు దొర్లించి, మూత నెట్టి, అందులో కూడా ఆ పని కానిచ్చాడు. అరవై క్యాబేజీలు. ఆ ఊళ్ళో పుల్ల క్యాబేజీ లేని చలికాలమంటే మన ఇళ్ళలో ఆవకాయ లేని ఏడాది లాంటిది. బావ్‌షాన్ చీపురు తీశాడు. మాంతోవ్ పసిపిల్ల గొంతుతో ఒక కేక పెట్టి బట్టల పెట్టె వెనక దూరాడు. ఫెంగ్‌జీ పెట్టెకు అడ్డంగా నిలబడింది.

“కొడితే నన్ను కొట్టు. వాడి మీద చెయ్యి వెయ్యకు. నువ్వు ఊపిరి పీలుస్తున్నావంటే వాడి చలవే.”

బావ్‌షాన్ చీపురు కింద పెట్టేశాడు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆ ఏడు ఎనిమిదో నెలలో బావ్‌షాన్‌కి గుండె ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ గది బయట బల్ల మీద ఏడు గంటలు కూర్చున్న ఫెంగ్‌జీకి ఒకటే ఆలోచన. నలభై ఏళ్ళుగా ఈయన కత్తిరించిన తోళ్ళ ఉసురే తగిలింది. అక్కడే కిటికీ వైపు తిరిగి చేతులు జోడించి మొక్కుకుంది. ఈయన్ని నాకు వెనక్కి ఇస్తే రెండు నక్కల ప్రాణాలు విడిపిస్తాను అని. ఇచ్చారు. మొక్కుకున్నది తీరాక మొక్కు చెల్లించకపోతే ఇచ్చింది తిరిగి తీసుకుంటారని ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పదకొండో నెల మొదట్లో ఊరి చివరి ఫారం నుంచి రెండు నక్కలను కొన్నారు, ఒకటి మగది, ఒకటి ఆడది. మూడు చక్రాల బండిలో పంజరాన్ని కొండ మీది కనుమ దాకా తీసుకెళ్ళారు. మూడు అగరొత్తులు వెలిగించి, మంచులో గుచ్చి, పంజరం తలుపు తీసి ఫెంగ్‌జీ దణ్ణం పెట్టింది. “వెళ్ళండి నాయనా, హాయిగా బతకండి,” అంది. అవి బయటికి రాలేదు. బావ్‌షాన్ పంజరాన్ని వంచి దులిపాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఇనపతీగల మీదే నిలబడ్డ కాళ్ళు. నేల అనేది ఒకటుందని వాటికి తెలియదు. మంచు తగలగానే ఒక్కో కాలు ఎత్తుతూ, దించుతూ, పంజరం అచ్చు పడిన చోటే నిలబడిపోయాయి. మనుషులు వెళ్ళిపోతే అవే పోతాయిలే అని భార్యాభర్తలు బండెక్కారు. తోలు చూసి నక్క వయసు చెప్పగలిగిన మనిషికి, ఎలకను చూడని నక్క ఏం తిని బతుకుతుందన్న ప్రశ్న ఆ రోజు రాలేదు. అలా వదిలి వచ్చినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ళు వెనక్కి వెళ్ళి చూడలేదు కాబట్టి వాళ్ళ పుణ్యం చెక్కుచెదరలేదు.

మూడో రోజు పొద్దున ఫెంగ్‌జీ బొగ్గుల కొట్టం తలుపు తీస్తే లోపల మగది ఉంది. బండి చక్రాల జాడ పట్టుకుని కొండ దిగి వచ్చినట్టుంది, నాలుగు కాళ్ళూ చీలి రక్తం కారుతోంది. ఆ ఊళ్ళో నక్కను నక్క అనరు, హూ వారింటి పెద్దలు అంటారు. అలిగితే ఇల్లు మాడుతుంది, దయతలిస్తే ఇల్లు నిలబడుతుంది. మొక్కు అందిందని చెప్పడానికి పెద్దాయన స్వయంగా వచ్చాడనుకుని ఫెంగ్‌జీ మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దాయన ఆమె జోడు మీద పసరు కక్కి పక్కకు ఒరిగిపోయాడు. అప్పుడామెకు దేవుడు కనపడలేదు, ఆకలితో చస్తున్న జంతువు కనపడింది. జావ తాగించి, కాళ్ళకు గుడ్డలు చుట్టి, ఇంట్లోకి మోసుకొచ్చింది. అప్పుడు రెండోది గుర్తొచ్చింది.

“వీడికే తిండి వెతుక్కోవడం రాకపోతే దానికెలా వస్తుంది ముసలాయనా? వెళ్ళి చూసి రా. నాకు కాళ్ళు ఆడట్లేదు.”

దారి గడ్డకట్టడంతో బావ్‌షాన్ బండి పోయినంత దూరం బండిలో, తర్వాత నాలుగడుగులకోసారి ఆగుతూ కనుమ చేరాడు. ఆడ నక్కను వెతకాల్సిన పని పడలేదు. అది ఎక్కడికీ వెళ్ళలేదు. పంజరం అచ్చు పడిన చోటే, ఆరిపోయిన అగరొత్తుల పక్కన, ముడుచుకుని బిగుసుకుపోయింది. ఆయన కూర్చుని దాని వీపు మీద చెయ్యి వేశాడు. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ వేళ్ళు వెంట్రుకల లోపలికి పోయి ఒత్తు చూశాయి. మొదటి రకం, అనుకుంది మనసు. అనుకున్న మరుక్షణం ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. నేల రాయిలా ఉంది, తవ్వడానికి వీల్లేదు. పెద్ద రాళ్ళు ఏరుకొచ్చి దాని మీద గుట్టగా పేర్చి దిగివచ్చాడు.

ఫెంగ్‌జీ గేటు పట్టుకుని నిలబడి ఉంది. “ఉందా?” అంది. ఆ ఒక్క మాట అడగడానికి ఆమె ఎంత ఊపిరి కూడగట్టుకుందో ఆయనకు కనపడింది. రెండు ప్రాణాలకు ఒక ప్రాణం అని ఆమె మొక్కు. ఒకటి పోయిందంటే ఈయన ప్రాణంలో సగం పోయిందనే లెక్క. ఇంక ఆమె తినదు, పడుకోదు, ఆయన దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది.

“కనపడలేదుగానీ అడుగులున్నాయి,” అన్నాడు బావ్‌షాన్. “బతికే ఉంది.”

అబద్ధం ఆడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. బావ్‌షాన్‌కి కాళ్ళు కూడా కావలసివచ్చాయి. ఎందుకంటే మర్నాటి నుంచీ ఫెంగ్‌జీ కొండమీది దానికోసం రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి, మొక్కు గుడ్లు ఇంటి గుడ్లతో కలవకుండా ఒక్కోదాని నెత్తిన ఎర్రరంగు చుక్క పెట్టి, మధ్యాహ్నం వాగు మీది వంతెన దగ్గర రాతి మీద ఉంచి రావడం మొదలుపెట్టింది. మొదటి రోజు పెట్టినవి మర్నాడు అలాగే ఉంటే, వాటిని తీసి కొత్తవి పెట్టింది. ఆమె మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. ఆ మర్నాడు ఆమె కంటే ముందు, తెల్లవారగానే బావ్‌షాన్ వెళ్ళి ఆ గుడ్లు జేబులో వేసుకున్నాడు.

“తింది ముసలాయనా. రెండూ తింది,” అంటూ వచ్చింది ఆమె ఆ మధ్యాహ్నం. ఆ పూట రెండు గిన్నెల జావ తాగింది. ఆమె తాగుతుంటే చూస్తూ బావ్‌షాన్ అబద్ధానికి పూర్తిగా లొంగిపోయాడు.

అప్పటిదాకా ఆయన ఆపరేషన్ తర్వాత గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. రోజూ నడవమని డాక్టరు చెబితే, “ఇంత కోసి కుట్టింది నడిపించడానికా?” అని విసుక్కున్నాడు. ఇప్పుడు తెల్లవారకముందే లేచి, దొరికిన బూట్లు వేసుకుని, “వంతెన దాకా అలా గాలి పీల్చుకొస్తా,” అని బయల్దేరుతున్నాడు.

తెచ్చిన గుడ్లను ఏం చేయాలి? కొలెస్టరాలని ఆయనకు పచ్చసొన వద్దన్నారు. అందుకని ఫెంగ్‌జీ కోళ్ళగూటి దగ్గర ఉన్న సమయం చూసి మాంతోవ్ ముందు పెట్టేవాడు. మాంతోవ్ ఒకటి తిని, రెండోది నోట కరచుకుని వెళ్ళిపోయేవాడు. ఎక్కడికి వెళ్ళేవాడో బావ్‌షాన్ పట్టించుకోలేదు. తప్పు అక్కడ జరిగింది.

ఆ చలికాలం ఆ ఇంట్లో నవ్వు ఉందంటే మాత్రం మాంతోవ్ వల్లే. ఆయన కొండ దిగి వచ్చేసరికి గుమ్మంలో చెవులు వెనక్కి అతికించి, నేల మీద పొట్ట ఈడుస్తూ, కిచకిచమని ఒక విచిత్రమైన నవ్వు నవ్వేవాడు. కన్నకొడుకు కూడా తన్ను చూసి అంత సంతోషపడలేదని బావ్‌షాన్ అంటే, కొడుకు బూట్లు తినలేదుగా అనేది ఫెంగ్‌జీ. మధ్యాహ్నం ఆయన నడుం వాలిస్తే వచ్చి ఛాతీ మీది కుట్ల గీతకు వీపు ఆనించి పడుకునేవాడు. కదిలితే గుర్రుమనేవాడు. అదృష్టవంతుణ్ణి నక్క తోక తొక్కాడంటాం కదా, బావ్‌షాన్ ఒకసారి నిజంగానే తొక్కాడు. పిక్కకు మూడు కుట్లు పడ్డాయి, నాలుగు సూదులు పొడిచారు. పశువుల డాక్టరు వచ్చి మాంతోవ్‌కి కూడా పొడిచాడు. దానికి ముగ్గురు పట్టుకోవాల్సివచ్చింది.

ఒకనాడు తాడు తెంపుకుని లోవ్ దెహాయ్ బాతుల దొడ్లోకి దూరాడు. నక్క బాతులను పట్టడం అందరికీ తెలుసు. బాతులు నక్కను పట్టడం ఆ ఊరు అప్పుడే చూసింది. పద్నాలుగు పెద్ద బాతులు మెడలు చాచి మూలకు తోసి, తోకను ఈకలు పీకినట్టు పీకితే, మాంతోవ్ గోడ మీదినుంచి పడి ఇంట్లోకి వచ్చి బావ్‌షాన్ ఒడిలో తల దాచుకున్నాడు. వెనకే లోవ్ వచ్చాడు. కర్ర పట్టుకొచ్చాడేమో అనుకుంటే చేతిలో సారా సీసా, మూడు గుడ్లు ఉన్నాయి.

“పెద్దాయనకి చెప్పు వదినా, మా బాతులకి మర్యాద తెలీదని. మనసులో పెట్టుకోవద్దని.”

“గుడ్లు ఇటియ్యి. సారా మీ అన్నకి చూపించకు,” అంది ఫెంగ్‌జీ.

పన్నెండో నెల చివర్లో ఒకరోజు బావ్‌షాన్ పాత సామాను పెట్టె తెరిచి పెట్టి అవతలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మాంతోవ్ అందులోంచి ఒక మెడపట్టీని బయటికి లాగి ఉన్నాడు. నీలి నక్క తోలుతో చాలా ఏళ్ళ కిందట కుట్టింది, అమ్ముడుపోక మిగిలింది. వాడు దాన్ని నమల్లేదు. ఒక కొస నుంచి రెండో కొస దాకా ఓపిగ్గా నాకి, వెంట్రుకలు సరిచేసి, తన వెచ్చటి మూలకు ఈడ్చుకెళ్ళి, దాని చుట్టూ ముడుచుకుని పడుకున్నాడు. బావ్‌షాన్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయనకు ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆ పట్టీని మళ్ళీ అడగలేదు. పెట్టెలో ఉన్న కత్తులు, అచ్చులు పట్నంలో ఎవరికో ఇచ్చేశాడు.

ఇలా ఉండగా గుడ్ల సంగతిలో ఒక చిక్కు వచ్చిపడింది. ఒక వారం గుడ్లు వంతెన దగ్గర లేవు, పైన భూర్జచెట్టు దగ్గర ఉన్నాయి. తర్వాతి వారం ఇంకా పైన ఊట దగ్గర.

“అంత దూరం ఎందుకే?” అన్నాడు ఆయన, ఊరికే అడిగినట్టు.

“దాని అడుగులు పైకి పోతున్నాయి,” అంది ఆమె.

కుందేలు అడుగులు చూసి ఉంటుందని ఆయన సరిపెట్టుకున్నాడు. కాదని చెప్పడానికి నోరు లేదు. వారం వారం గుడ్లు పైకి పోయాయి. ఊట నుంచి కూలిన గుడిసెకు, గుడిసె నుంచి నల్లబండకు. మొదట్లో భూర్జచెట్టుకే రొప్పినవాడు ఇప్పుడు నల్లబండ దాకా ఒక్క ఊపున ఎక్కుతున్నాడు. కానీ ఎక్కిన ప్రతిసారీ గుండెలో రాయి పడేది. నల్లబండ మీద నిలబడితే కనుమ కనపడుతుంది. ఇంకో వారం, మహా అయితే రెండు వారాలు. ఆ తర్వాత ఫెంగ్‌జీ నేరుగా రాళ్ళగుట్ట ముందుకు వచ్చి నిలబడుతుంది. తను చెప్పకుండా ఆమే చూడటం కంటే ముందే చెప్పడం నయం. కానీ ఎలా చెప్పాలి? నూట ఇరవై రోజులుగా నువ్వు పెట్టిన గుడ్లు నేనే దొంగిలించాను, నీ మొక్కు మొదటి వారంలోనే చచ్చిపోయింది అని చెబితే ఆమె తట్టుకుంటుందా?

వసంతంలో పరీక్షలకు పట్నం వెళ్ళారు. డాక్టరు కాగితాలు రెండుసార్లు చూసి కళ్ళద్దాలు తీశాడు.

“రోజూ ఎంత దూరం నడుస్తున్నారు?”

“వంతెన దాకా అండీ.”

“వంతెన దాకా నడిచినవాడి గుండె కాదిది,” అన్నాడు డాక్టరు. “ఏం చేస్తున్నారోగానీ మానకండి.”

ఫెంగ్‌జీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిరుగు బస్సులో బావ్‌షాన్ నిశ్చయించుకున్నాడు. మంచి మాట విన్న చెవులు కాబట్టి చెడ్డ మాట కూడా వింటాయి. రెండు రోజుల్లో సమాధులు ఊడ్చే పండగ. అది కాగానే చెప్పేస్తాను.

పండగనాటి పొద్దున ఆయన లేచేసరికి ఫెంగ్‌జీ బుట్ట సర్దుతోంది. ఆయన తల్లిదండ్రుల సమాధికి రొట్టెలు, ఆపిల్ పళ్ళు, సారా, తగలబెట్టే కాగితాలు. అవన్నీ ఒక గుడ్డలో కట్టింది. తర్వాత వేరే చిన్న గుడ్డ పరిచి అందులో అగరొత్తులు, రెండు ఎర్రచుక్క గుడ్లు పెట్టింది.

“అది ఎవరికి?” అన్నాడు బావ్‌షాన్.

“నువ్వే చెప్పాలి,” అంది ఆమె తలెత్తకుండా. “ఎక్కడ పెట్టావు దాన్ని?”

ఆమె లేచి వెళ్ళి పెరట్లోంచి ఒక రేకు బేసిన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాని నిండా గుడ్లు. కొన్ని పగిలినవి, కొన్ని నల్లబడ్డవి, కొన్నిటికి దుమ్ము, బొగ్గు, వెంట్రుకలు. ప్రతిదాని నెత్తినా ఎర్రచుక్క.

“నీ పాత బూట్లలో ఆరు. మిషన్ సొరుగులో నాలుగు. చాప కింద తొమ్మిది, మీ అమ్మ ఫోటో వెనక రెండు. నలభై మూడు దాకా లెక్కపెట్టి మానేశాను. నక్కంటే దొరికింది దాచుకుంటుంది, ఆ మాత్రం తెలీదా నీకు? నలభై ఏళ్ళు వాటితోనే బతికావుగా.”

“నేను చూసినవి దాచుకునే స్థితిలో లేవు,” అన్నాడు బావ్‌షాన్ నెమ్మదిగా. బేసిన్‌లోంచి ఒక గుడ్డు తీసి చూసి, “ఎప్పట్నుంచి తెలుసు?” అని అడిగాడు.

“పన్నెండో నెలలో, ఎనిమిది గింజల జావ కాచే పండగ రోజు. చిక్కుడుగింజల సంచిలో చెయ్యి పెడితే మొదటిది తగిలింది. మొక్కు గుడ్డు ఇంట్లో ఉందంటే, తినాల్సింది కొండ మీద లేదన్నమాట. కుళ్ళిన వాసన రాలేదా అంటావేమో. వీడి కంపులో ఈ కంపు ఎవరికి తెలుస్తుంది?”

“ఆ రోజు జావ మాడింది.”

“మాడదూ మరి? మొక్కు చెడిందనుకున్నాను. ఇవాళ పోతాడు, రేపు పోతాడు అనుకున్నాను. నువ్వు నిద్రపోతుంటే ఛాతీ మీద చెవి పెట్టి వినేదాన్ని. వీడు నా చెవి కొరికేవాడు.” మాంతోవ్ తన మాటే అనుకుని తల ఎత్తి చూశాడు. “నువ్వు పోలేదు. రోజూ కొండ దిగొచ్చావు, తిన్నావు, నన్ను తిట్టావు. ఒక నెల అలా గడిచాక నాకు తట్టింది. నేనేదో దేవుడితో బేరం కుదుర్చుకున్నా అనుకున్నాను. నా వైపు నుంచి బేరం చెడిపోయింది. ఒకటి చచ్చింది, ఒకటి నా పరుపు మీద ఉంది, స్వేచ్ఛగా వెళ్ళింది ఒక్కటీ లేదు. అయినా ఆయన నిన్ను వెనక్కి అడగలేదు. అంటే ఊరికే ఇచ్చాడు ముసలాయనా. ఊరికే ఇచ్చినదానికి దణ్ణం పెట్టుకోవాలిగానీ వణుకుతూ కూర్చుంటారా?”

“మరి రోజూ గుడ్లెందుకు పెట్టావే?”

“డాక్టరు నడవమంటే నడిచావా? గుడ్డు దొంగతనానికైతే నడిచావు. అందుకని ఇంకాస్త పైన పెట్టాను, ఇంకాస్త పైన పెట్టాను.” ఆమె చిన్న గుడ్డ కొసలు ముడివేసింది. “అదొక్కటే కాదులే. దాన్ని చలిలో వదిలి పుణ్యం అనుకున్నది నేను. ఆ కనుమకి ఒక్కసారిగా ఎక్కి దాని మొహం చూసే ధైర్యం లేదు నాకు. అందుకని వారానికి కొంచెం చొప్పున వచ్చాను.”

బావ్‌షాన్‌కి అప్పుడు కనపడింది. ఇన్నాళ్ళూ తను మోస్తున్నాననుకున్న రాయికి రెండో కొస పట్టుకుని ఈమె కూడా అదే కొండ ఎక్కింది, రోజూ, మధ్యాహ్నపు ఎండలో, ఒంటరిగా. ఆయన వంగి బేసిన్ పక్కకు జరిపి ఆమె చేతులు పట్టుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో చెప్పని మాట చెప్పాడు.

“నీ రుణం తీర్చుకోలేనే.”

“తీర్చుకోమని ఎవరడిగారు? బూట్లు వెతుక్కో,” అంది ఫెంగ్‌జీ.

మొదట పెద్దల సమాధి ఊడ్చారు. తర్వాత మాంతోవ్‌ని తాడుకు కట్టుకుని కనుమ ఎక్కారు. మంచు కరిగి రాళ్ళగుట్ట చుట్టూ పచ్చిక మొలకలు వేస్తోంది. ఫెంగ్‌జీ రాళ్ళ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. క్షమాపణ అడిగిందో, కృతజ్ఞత చెప్పిందో, పెదవులు మాత్రం కదిలాయి. చివర్లో గట్టిగానే అంది.

“సంత వీధి ఆడవాళ్ళు ముగ్గురు వచ్చే నెల నక్కల్ని వదులుతారట. వెళ్ళి చెప్తాను. వదిలితే మీ ఇంట్లోకి వదలండి, క్యాబేజీ జాడీకి మాత్రం పెద్ద రాయి పెట్టుకోండి అని.”

గుడ్లు రాళ్ళ ముందు పెట్టగానే మాంతోవ్ ముందుకొచ్చాడు. ఒక గుడ్డును పగలకుండా నోట పట్టుకుని, గుట్ట పక్కనే మెత్తటి మట్టి చూసుకుని, రెండు కాళ్ళతో తవ్వి, అందులో పెట్టి, ముక్కుతో మట్టి తోసి కప్పాడు. వాడి అలవాటే అది, ఇల్లంతా చేసే పనే. రెండోదాన్ని కూడా అలాగే కప్పాడు. తర్వాత ముక్కు నిండా మట్టితో వచ్చి బావ్‌షాన్ కాలికి ఆనుకుని నిలబడ్డాడు. చలికాలమంతా తన ఛాతీకి ఆనిన ఆ వీపు వెచ్చదనం ఇప్పుడు పిక్కకు, సరిగ్గా కుట్లు పడిన చోట, తగిలింది. బావ్‌షాన్‌కి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. రాళ్ళ కింద ఉన్నదానికి, కాలి దగ్గర ఉన్నవాడికి, పక్కన కూర్చున్న ఆమెకు, కోసి కుట్టిన డాక్టరుకు, పైన ఉన్నాయనకు, అందరికీ కలిపి ఒకే దణ్ణం పెట్టాడు.

“మరి రేపట్నుంచి గుడ్లెక్కడ?” అన్నాడు లేస్తూ.

ఫెంగ్‌జీ కళ్ళు తుడుచుకుని కనుమ అవతలి గట్టు వైపు చూసింది.

“అదిగో, ఆ పైన చదును రాయి కనపడుతోందా?”

“అంత ఎత్తు నేనెక్కలేను.”

“నేనూ ఎక్కలేను. ఇద్దరం కలిసే పోదాం. వారానికి కొంచెం.”

బావ్‌షాన్ తాడు చేతికి చుట్టుకుని, మడమ లేని బూటు మీద ఒక పక్కకు ఒరుగుతూ, ఆమె వెనకే కొండ దిగడం మొదలుపెట్టాడు.